చెట్టు పేరు చెప్పని తీపి

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం తెలుగునాట పాత సామెత. తాతల ప్రతిష్ఠ చెప్పుకొని బ్రతికే మనుమలను ఎత్తిపొడవడానికి పెద్దలు దానిని వాడుతూ వచ్చినారు. చాకొలెట్టు సంగతిలో ఈ సామెత తలక్రిందులైనది. కాయ లోకమంతటా అమ్ముడుపోతున్నది, చెట్టు పేరు చెప్పేవారు మాత్రం అరుదు. పొట్లం మీద కంపెనీ పేరు మెరిసే అక్షరాలలో ఉంటుంది. చెట్టు ఏ నేలలో పెరిగినదో, కాయ ఎవరు కోసినారో ఆ కాగితం మీద చాలసార్లు కానరాదు. కొనేవాడూ అడగడు.

సెలవు దినాలలో చాకొలెట్టు కర్మాగారానికి పోయి, అక్కడి వింతలు చూచి, సరకు రుచి చూచి రావడం పాశ్చాత్య దేశాలలో ఒక వేడుక. స్విట్జర్లండులోని బ్రోక్ గ్రామం, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ పట్టణం, ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరానికి దక్షిణాన ఉన్న బోర్న్‌విల్ ఇందుకు పేరుగన్న చోట్లు. ఇంగ్లండులో ఉద్యోగాలు చేసుకుంటున్న బిడ్డలను చూడబోయిన తెలుగు తల్లిదండ్రులు కూడా మనుమల వేలు పట్టుకొని ఈ మూడవ ఊరికి పోవడం కలదు. ఆ ఊరి పేరు మనకు బొత్తిగా క్రొత్తది కాదు. మన ఇళ్లలో పిల్లల పాలలో కలిపే బోర్న్‌విటా పేరు దాని నుంచి పుట్టినదే.

వాగు ఒడ్డున వెలసిన ఊరు

1824లో జాన్ కాడ్బరీ అనే యువకుడు బర్మింగ్‌హాంలోని బుల్ వీధిలో చిన్న దుకాణం తెరచి టీ, కాఫీలతోపాటు కోకో పొడి అమ్మనారంభించినాడు. ఆయన క్వేకరు మతస్థుడు. క్వేకర్లు క్రైస్తవులలో ఒక చిన్న శాఖ. యుద్ధాన్ని, మద్యాన్ని, బానిసత్వాన్ని నిరసించడం వారి సంప్రదాయం. ఆనాడు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యాపీఠాల పట్టాలు ఆ శాఖవారికి అందని పండ్లు గనుక పలువురు వర్తకంలోకి దిగినారు. సారాయి త్రాగేవాని చేతికి వెచ్చని కోకో గిన్నె అందిస్తే అతని సంసారం బాగుపడుతుందని వారి నమ్మకం.

1879లో జాన్ కుమారులైన రిచర్డు, జార్జి సోదరులు నగరపు పొగకు నాలుగు మైళ్ల దూరాన, బోర్న్ అనే వాగు ప్రక్కన క్రొత్త కర్మాగారం కట్టించినారు. చాకొలెట్టు తయారీలో ఫ్రెంచివారిది అప్పట్లో గొప్ప పేరు. అందుచేత వాగు పేరుకు పట్టణమనే అర్థం గల ‘విల్’ అన్న ఫ్రెంచి మాట తగిలించి ఊరికి పేరు పెట్టినారు. తరువాత జార్జి కాడ్బరీ చుట్టుప్రక్కల భూమి కొని, ప్రతి ఇంటికీ తోట ఉండేటట్లు ఇళ్లు కట్టించి, 1900లో 300కు పైగా ఇళ్లను ఒక ధర్మకర్తల సంఘానికి వ్రాసి ఇచ్చినాడు. ఆటస్థలాలు, ఈతకొలను ఏర్పడినవి. కర్మాగారంలో పనిచేసే యువతీ యువకులకు పనివేళలలోనే చదువు చెప్పించే ఏర్పాటు కూడా జరిగినది. సారాయి దుకాణానికి ఆ ఊళ్లో చోటు లేకపోయినది. బడి గోపురం మీద 1906లో అమర్చిన గంటల వరుస నేటికీ ఆ ఊరి అలంకారం.

ఇంత మంచి ఊరు గనుకనే దాని కథలోని చేదు పుటను కూడా చదువవలసి ఉన్నది. ముందుగా యాత్రికులు అక్కడ ఏమి చూస్తారో తెలుసుకోవాలి.

గిన్నెలోని రుచి

ఒకప్పుడు సందర్శకులను కర్మాగారం లోపలికే తీసుకొనిపోయేవారు. ఆ పద్ధతి పోయిన తరువాత, 1990లో కర్మాగారం ఆవరణలోనే ‘కాడ్బరీ వరల్డ్’ అనే ప్రదర్శనశాల తెరచినారు. ఏటా లక్షలాది జనం దానిని చూస్తున్నారు. కోకోను దేవతల పానీయంగా భావించిన మెక్సికో ప్రాచీనుల అడవి దృశ్యం, జాన్ కాడ్బరీనాటి బుల్ వీధి నమూనా అందులో కలవు. పనివారు కరిగిన చాకొలెట్టును రాతిపలక మీద ఆరబోసి, కలియత్రిప్పి, అచ్చులలో పోసి చూపుతారు. సందర్శకులకు పొట్లాలు పంచుతారు. వెచ్చని చాకొలెట్టును చిన్న గిన్నెలో పోసి, కోరిన తినుబండారం అందులో వేసి ఇస్తారు. పిల్లల ముఖాలు వికసించే ఘట్టం అదే.

రుచి చూడడానికి కూడా ఒక పద్ధతి ఉన్నది. తొందరపడి నమిలేవానికి తీపి తప్ప మరేమీ తెలియదు. ముక్కను విరిచినప్పుడు టక్కుమని శబ్దం రావాలి. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన పీల్చి, నాలుక మీద ఉంచి ఊరక ఉండాలి. కోకోలోని కొవ్వు సుమారు 34 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కరుగుతుంది. మనిషి నోటి వేడిమి అంతకు కొంచెం ఎక్కువ. చేతిలో గట్టిగా ఉన్న ముక్క నోటిలో నీరయ్యే రహస్యం ఇంతే. ఆ కొవ్వు పలు రీతులుగా గడ్డకట్టగలదు. వాటిలో ఒక్క రీతి మాత్రమే మెరుపునూ, విరిగేటప్పటి శబ్దాన్నీ ఇస్తుంది. రాతిపలక మీద చాకొలెట్టును చల్లార్చి మరల కొద్దిగా వెచ్చజేసే పని ఆ రీతి కొరకే. భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయునికి ఇంతకన్న తీయని పాఠం దొరకడం కష్టం.

ఈ యంత్రవిద్యకు రెండు వందల ఏండ్ల చరిత్ర కలదు. 1828లో హాలండు దేశీయుడు వాన్ హౌటెన్ కోకో ముద్దను పిండి కొవ్వును వేరుచేసే పద్ధతికి హక్కు పొందినాడు. 1847లో ఇంగ్లండులోని ఫ్రై కంపెనీ త్రాగే చాకొలెట్టును తినే దిమ్మగా చేసినది. 1875లో స్విట్జర్లండులో డేనియల్ పీటర్ దానిలో పాలు కలిపినాడు. 1879లో అదే దేశీయుడైన లిండ్ట్ గంటల తరబడి రుబ్బి నునుపు తెచ్చే యంత్రాన్ని కనిపెట్టినాడు. 1905లో బోర్న్‌విల్ నుంచి డెయిరీ మిల్క్ వెలువడినది. ఈ పేర్లన్నీ ప్రసిద్ధమైనవే. వీటిలో తోటమాలి పేరు ఒక్కటీ లేదు.

రుచి ఎక్కడ పుట్టినది?

అసలు చాకొలెట్టు రుచికి పుట్టినిల్లు కర్మాగారమని తలచడం పొరపాటు. కోకో చెట్టు భూమధ్యరేఖకు ఇరుప్రక్కల ఇంచుమించు 20 డిగ్రీల లోపల, పెద్దచెట్ల నీడలో పెరుగుతుంది. పనస వలె దానికి కాయ మొద్దుకే కాస్తుంది. పచ్చగానో ఎర్రగానో ఉన్న ఆ కాయ పగులగొడితే తెల్లని తీయని గుజ్జులో 30, 40 గింజలు ఉంటవి. పచ్చి గింజను కొరికితే చేదు, వగరు తప్ప చాకొలెట్టు వాసన అణుమాత్రం ఉండదు.

రైతు ఆ గింజలను గుజ్జుతో సహా పెట్టెలలో నింపిగాని, కుప్పపోసి అరటాకులు కప్పిగాని ఐదారు రోజులు పులియబెడతాడు. ఇడ్లీ పిండి పులియడం ఎరిగిన వారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు గుజ్జును తింటూ కుప్పను 50 డిగ్రీల దాకా వేడెక్కిస్తవి. ఆ వేడికి, పులుపుకు గింజలోని మొలక చస్తుంది, వంగపండు రంగు గోధుమవన్నెకు తిరుగుతుంది. చాకొలెట్టు వాసనకు బీజం అప్పుడు పడుతుంది. తరువాత గింజలను ఎండలో ఆరబోసి, మాటిమాటికి తిరుగవేసి, వాన వస్తే పరుగున వచ్చి కప్పి, వారం రోజులు కాపాడాలి. తడి నిలిస్తే బూజు పడుతుంది. పులియడం చాలకపోతే చేదు మిగిలిపోతుంది. తోటలో చెడిన గింజను ఏ దేశపు యంత్రమూ బాగుచేయలేదు. కర్మాగారం గింజను వేయించి, పొట్టు చెరిగి, రుబ్బి, పాలూ చక్కెరా కలిపి, తోటలో పడిన బీజాన్ని వికసింపజేస్తుంది.

గిన్నెలోని రుచిలో ఇంత పాలు గల ఆ తోటవాడు ఎవరు? బోర్న్‌విల్ చరిత్రలో ఈ ప్రశ్న ఒకసారి న్యాయస్థానం దాకా పోయినది.

దమ్మిడీ తీర్పు

ఇరవయ్యవ శతాబ్దం మొదట కాడ్బరీవారు కొనే కోకోలో పెద్దభాగం పశ్చిమాఫ్రికా తీరాన ఉన్న సావో తోమే దీవి నుంచి వచ్చేది. అది పోర్చుగీసువారి వలస. బానిసత్వం చట్టప్రకారం రద్దయినది. ఐనా అంగోలా దేశపు లోతట్టు నుంచి మనుషులను కొని తెచ్చి, ఐదేండ్ల ఒప్పందం మీద పనివారని కాగితాలలో వ్రాసి, దీవికి తోలేవారు. ఒప్పందం ముగిసినా ఇల్లు చేరినవారు దాదాపు లేరు. 1901లో ఆ దీవిలోని ఒక తోట అమ్మకానికి వచ్చినప్పుడు, ఆస్తుల పట్టికలో రెండు వందలమంది నల్లవారికి కూడా వెల కట్టి ఉండడం కాడ్బరీల దృష్టికి వచ్చినది.

బానిసత్వాన్ని నిరసించే వంశంవారు అప్పుడేమి చేయాలి? వెంటనే కొనుగోలు మానవచ్చు. మానితే పోర్చుగీసు ప్రభుత్వం తమ మాట వినదని, కొనేవారుగా ఉంటేనే ఒత్తిడి తేగలమని వారు భావించినారు. 1905లో జోసెఫ్ బర్ట్ అనే మరొక క్వేకరును విచారణకు పంపినారు. ఆయన రెండేండ్లు తిరిగి నివేదిక ఇచ్చినాడు. ఈలోగా 1906లో హెన్రీ నెవిన్‌సన్ అనే పత్రికా రచయిత తాను చూచిన ఘోరాలను గ్రంథంగా వెలువరించినాడు. 1909 మార్చిలో గాని కాడ్బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ కంపెనీలు ఆ దీవి కోకోను బహిష్కరించలేదు. తెలిసిన నాటికీ మానిన నాటికీ నడుమ ఎనిమిదేండ్లు గడచినవి. అన్నాళ్లూ గింజలు వస్తూనే ఉన్నవి.

1908 సెప్టెంబరులో ‘స్టాండర్డ్’ అనే లండను పత్రిక, తమ పనివారి కొరకు తోటలు వేయించే ఈ పుణ్యాత్ములకు సావో తోమే కూలీల గోడు పట్టలేదా అని ఎత్తిపొడిచినది. కాడ్బరీలు పరువునష్టపు దావా వేసినారు. 1909 చివర బర్మింగ్‌హాంలోనే, వారి పేరు మారుమ్రోగే ఊరిలోనే, విచారణ జరిగినది. జ్యూరీ కాడ్బరీల పక్షాననే తీర్పు చెప్పినది. నష్టపరిహారం ఎంత? ఒక ఫార్దింగు. అనగా పెన్నీలో నాల్గవ వంతు, మన పాతలెక్కలో దమ్మిడీ వంటిది. దావా ఖర్చులు పత్రికే భరించవలసి వచ్చినా, ఆ నాణెం ఇచ్చిన తీర్పును ఎవరూ మరువలేదు. మీరు దుష్టులు కారు, ఐనా ఆలస్యానికి నిర్దోషులు కారు అని పన్నెండుమంది సామాన్యులు చెప్పినట్లే జనం గ్రహించినారు.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలోనూ ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏండ్లలోనూ విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది ఐదేండ్ల ఒప్పందాల మీద మారిషస్, నేటాల్, ఫిజీ దీవుల చెరకు తోటలకు ఓడలెక్కినారు. ‘అగ్రిమెంటు’ అనే ఇంగ్లీషు మాట కూలివారి నోట ‘గిరిమిటి’ అయినది. ఆ పద్ధతి 1917లో ఆగినది. చాకొలెట్టులో కోకో ఒక పాలైతే చక్కెర మరొక పాలు. రెండింటి వెనుకా ఒప్పందపు కాగితం మీద వేలిముద్ర ఉన్నది. నేటాల్ కూలీల బాధ ఎరిగిన గాంధీజీ 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు బర్మింగ్‌హాంలో వుడ్‌బ్రూక్ అనే క్వేకరు విద్యాలయంలో బస చేసినారు. అది జార్జి కాడ్బరీ తన పూర్వపు నివాసగృహాన్ని విద్యకై ఇచ్చిన చోటు.

బాలల కథలో మారిన పుట

పిల్లలకు చాకొలెట్టు కర్మాగారమనగానే స్ఫురించేది రోల్డ్ డాల్ 1964లో వ్రాసిన ‘చార్లీ అండ్ ది చాకొలెట్ ఫ్యాక్టరీ’. డాల్ డెర్బీషైరులోని రెప్టన్ పాఠశాలలో చదివే రోజులలో కాడ్బరీవారు క్రొత్త సరకును పెట్టెలలో పెట్టి విద్యార్థులకు పంపి అభిప్రాయం అడిగేవారట. ఆ జ్ఞాపకమే కథకు విత్తనమైనది. కథలో కర్మాగారపు పనివారు ఉంపా-లుంపాలు అనే పొట్టివారు. తొలి ముద్రణలో వారు ఆఫ్రికా అడవుల నుంచి తెచ్చిన నల్లవారు. వారికి కూలి డబ్బులలో కాక కోకో గింజలలో ముట్టేది. విమర్శలు రాగా 1973 నాటి ముద్రణలో రచయిత వారి రంగునూ దేశాన్నీ మార్చినాడు. పుస్తకం మారినది, బాగున్నది. సావో తోమే పేరు ఎత్తకుండానే ఆ తొలి పుట ఒక పాత నిజాన్ని చెప్పివేసినదని ఉపాధ్యాయుడు తరగతిలో చూపవచ్చు.

నేటి తోటలు

సావో తోమేను వదలిన కంపెనీలు నేడు ఘానా అని పిలువబడే గోల్డు కోస్టు వైపు తిరిగినవి. అక్కడి కథ వేరు. 1879లో, అనగా బోర్న్‌విల్ కర్మాగారం వెలసిన ఏడే, టెటే క్వార్షీ అనే కమ్మరి పొరుగు దీవి నుంచి కోకో విత్తనాలు తెచ్చి తన నేలలో నాటినాడని ప్రతీతి. తమ పొలాలలో తామే పండించిన చిన్న రైతుల చేత 1911 నాటికి ఆ దేశం కోకో ఎగుమతిలో లోకానికి మొదటిదైనది.

ఇప్పుడు ప్రపంచపు కోకోలో సగానికి మించి ఐవరీ కోస్టు, ఘానా దేశాల నుంచే వస్తున్నది. బానిస ఓడలు పోయినవి, పేదరికం పోలేదు. కూలివానిని పెట్టుకొనే శక్తి లేని రైతు తన బిడ్డలనే తోటకు తీసుకొనిపోతాడు. బాలల చేత ప్రమాదకరమైన పని మాన్పిస్తామని 2001లో పెద్ద కంపెనీలు ఒడంబడిక చేసికొన్నవి. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారం ఆ రెండు దేశాలలో 15 లక్షల 60 వేలమంది బాలలు కోకో తోటలలో బాలకార్మికులుగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది తమ కుటుంబాల తోటలలో కత్తి పట్టి కాయలు కొట్టేవారే. ధరల సంగతి చూస్తే 2024 డిసెంబరులో టన్ను 12,000 డాలర్లు దాటి, 2025 చివరికి అందులో సగానికి దిగినది. ఇట్టి ఉయ్యాల మీద కూర్చున్న తండ్రి బిడ్డ చదువును ముందుగా నిశ్చయించుకోలేడు.

పెరటిలోని చెట్టు

ఈ చెట్టును చూడడానికి తెలుగు విద్యార్థి ఆఫ్రికాకు పోనక్కరలేదు. కాడ్బరీ కంపెనీ 1948లో భారతదేశంలో అడుగుపెట్టినది. 1960లలో కేరళలో కోకో సాగుకు ప్రోత్సాహం లభించినది. తరువాత ఆ పంట గోదావరి సీమకు వచ్చి కొబ్బరి తోటల నీడలో, పామాయిలు తోటల నీడలో అంతరపంటగా స్థిరపడినది. నేడు దేశంలో కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. కాడ్బరీ సరకు చేసే మాండెలెజ్ కంపెనీ 2016లో శ్రీసిటీలో పెద్ద కర్మాగారం తెరచినది. 2025లో ధర పడిపోయినప్పుడు ఏలూరు ప్రాంతపు రైతులు నిరసనలు జరిపినారు. లండను, న్యూయార్కు బజారుల ఉయ్యాల ఊపు ఏలూరు దాకా వచ్చినది.

పెరటిచెట్టు మందుకు పనికిరాదనే ధోరణిలో మన బడులు ఈ తోటలను విడిచిపెట్టినవి. విహారయాత్ర అనగానే ఆనకట్ట, ఆలయం, మృగశాల గుర్తుకు వస్తవి. ఏలూరు, కోనసీమ ఉపాధ్యాయులు ఒక పూట పిల్లలను కోకో తోటకు తీసుకొనిపోతే ఎంత పాఠం ఉన్నది! మొద్దుకు కాసిన కాయ వృక్షశాస్త్రం. పులిసే కుప్పలో పెట్టిన ఉష్ణమాపకం రసాయనశాస్త్రం. రైతు చేతికి వచ్చిన కిలో ధరను, దుకాణంలో వంద గ్రాముల దిమ్మ వెలతో పోల్చడం గణితం. సావో తోమే కథ చరిత్ర. ఆనాడు పిల్లలు నోట వేసుకొనే ముక్కకు రుచి ఎక్కువగా తెలుస్తుంది.

బోర్న్‌విల్ పోగలిగినవారు తప్పక పోవచ్చు. ఆ గంటల నాదం వినవచ్చు, ఆ గిన్నె అందుకోవచ్చు. తీపిని అనుభవించడంలో పాపమేమీ లేదు. పోయినవారి వెంట ఉన్న పిల్లవాడు, ఈ గింజ ఏ ఊరిది, పండించినవానికి ఎంత ముట్టినది అని అక్కడి వారిని ఒక్క మాట అడిగితే చాలును. 1901లో ఆ ప్రశ్న ఒక వర్తకుని మనస్సులో పుట్టినది. దానికి కర్మాగారం జవాబు చెప్పడానికి ఎనిమిదేండ్లు పట్టినది. అడిగేవారు పెరిగిన కొద్దీ జవాబు త్వరపడక తప్పదు. గోదావరి సీమ పేరు పొట్లం మీద అచ్చువేసి అమ్మే తయారీదారులు ఇప్పుడు హైదరాబాదులోనే ఉన్నారు. ఆ పేరు చదివి, ఆ ఊరు ఎక్కడ ఉన్నదో పటంలో వెదకే విద్యార్థి కోసం ఆ తోటలు ఎదురుచూస్తున్నవి.